తిరగేసి పట్టిన గిటార్

గుంతకల్లు రైల్వే కాలనీలో పెరిగినవాళ్లకు నిశ్శబ్దంలో నిద్ర పట్టదు. రాత్రంతా యార్డులో షంటింగ్ జరుగుతుండాలి. వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుని, ఆ చప్పుడు బండి ఈ కొస నుంచి ఆ కొస దాకా పాకుతూ పోవాలి. ఏ రెండు గంటలకో డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ వచ్చి ఎవరి తలుపో తట్టాలి. పెళ్లయిన కొత్తలో కర్నూలులో ఇల్లు తీసుకుంటే మొదటి వారం నాకు కంటి మీద కునుకు లేదు. కొత్త చోటు కదా అనుకుంది మా ఆవిడ. చోటు సంగతి కాదు, అక్కడ రైళ్లు వినపడవు.

నాన్న గూడ్స్ గార్డు. ఇంట్లో ఆయన లైన్ బాక్స్ మీద మేమెవరం కూర్చోకూడదు. అందులో ఎర్ర జెండా, పచ్చ జెండా, దీపం, డిటోనేటర్లు, ఇంకా మాకు చూపించనివి ఏవేవో ఉండేవి. ఆయన నాకు నేర్పిన విద్య ఒకటే. బ్రాడ్‌గేజ్ మీద పట్టా ముక్క 13 మీటర్లు. ప్రతి అతుకు దగ్గర చక్రం టక్కుమంటుంది. వాచీ చూస్తూ 47 సెకన్లలో ఎన్ని టక్కులు వినపడ్డాయో లెక్కపెడితే, బండి గంటకు అన్ని కిలోమీటర్ల స్పీడులో పోతున్నట్టు. మీటర్‌గేజ్ అయితే పట్టా 12 మీటర్లు, అప్పుడు 43 సెకన్లు. అప్పట్లో మా ఊళ్లో రెండు గేజులూ ఉండేవి కాబట్టి రెండు లెక్కలూ కావాల్సి వచ్చేవి. ఇప్పుడు పట్టాలన్నీ వెల్డింగ్ చేసి అతికించేశారు, టక్కులు లేవు. నాన్న లెక్క ఇంక ఎవరికీ పనికిరాదు.

నాది పుర్రచెయ్యి. అన్నం, రాత తప్ప అన్నీ ఎడమచేత్తోనే. ఆ అన్నం కూడా కుడిచేత్తో తింటున్నానంటే అది మా జేజి, అంటే నాయనమ్మ, పుణ్యమే. వేసవి సెలవులకు పామిడి దగ్గర మా పల్లెకు పోతే, తినేటప్పుడు నా ఎడమచేతిని తువ్వాలుతో వెనక్కి కట్టేసేది. కోపంతో కాదు, చాలా ప్రేమగా, ముడి మరీ బిగుసుకోకుండా. "ఆ చెయ్యి ఏంటికి పనికొస్తాదో తెల్సు కదా నాయనా, దాంతో సంగటి ముట్టుకుంటారా" అనేది. బడిలో స్కేలుతో కొట్టేవాళ్లు. ఏడో తరగతికి వచ్చేసరికి కుడిచేత్తో రాసేవాణ్ణి. నా దస్తూరి ఈనాటికీ బాగుండదు.

మా లైన్లో చివరి క్వార్టర్స్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేది. ఆయన డ్రైవరు. ఊరంతా డ్రైవర్ దొర అనేవాళ్లు, మేము పిల్లలం అంకుల్ అనేవాళ్లం. డ్యూటీ దిగి వచ్చి స్నానం చేసి, వరండాలో పేము కుర్చీ వేసుకుని గిటార్ వాయించేవాడు. మేం సినిమాల్లో చూసే గిటార్ వేరు. హీరో చెయ్యి పైకీ కిందికీ ఊపేస్తే తీగలన్నీ ఒక్కసారి మోగుతాయి. ఈయన చెయ్యి కదిలేదే కాదు, వేళ్లు మాత్రమే కదిలేవి. ఒక్క గిటార్‌లోంచి ఇద్దరు వాయిస్తున్నట్టు వినపడేది. కింద ఒక తాళం ఆగకుండా నడుస్తుండేది, దాని మీద పాట వచ్చేది. గోడ అవతల నిలబడి చాలా రోజులు ఆ రెండో మనిషి కోసం వెతికాను.

1986లో ఒక సాయంత్రం ఉగ్గాని పొట్లం ఇచ్చి రమ్మని అమ్మ పంపితే, అంకుల్ లోపలికి పోయిన సమయంలో ఆ గిటార్ తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. సహజంగానే తిరగేసి పట్టుకున్నాను, మెడ కుడివైపు, బొజ్జ ఎడమవైపు. అంతలోనే ఆయన వచ్చాడు. తిడతాడనుకుని గబగబా తిప్పి పట్టుకోబోయాను.

"ఉండు మ్యాన్, ఉండు. మళ్లీ అట్లే పట్టుకో."

పట్టుకున్నాను. ఆయన కాసేపు చూసి, లోపలికి పోయి ఒక క్యాసెట్ తెచ్చాడు. ఆస్ట్రేలియాలో స్థిరపడిన ఆయన చెల్లెలు పంపిన క్యాసెట్ అది. టేప్‌రికార్డర్లో పెట్టి నొక్కితే గిటార్ వచ్చింది, తర్వాత ఒక ముసలావిడ గొంతు. వణుకుతూ, కొంచెం గీరుకుపోయి, అచ్చం మా జేజి గొంతులా. పాటకూ పాటకూ మధ్య ఆమె ఏదో చెబుతుంటే జనం నవ్వుతున్నారు. "ఈమె కూడా నీ మాదిరే పట్టుకుంటుంది" అన్నాడు అంకుల్.

అలా తెలిసింది నాకు ఎలిజబెత్ కాటెన్ పేరు.

ఆమె అమెరికాలో నార్త్ కరోలైనాలో, చాపెల్ హిల్ పక్కనున్న కార్‌బరోలో 1893లో పుట్టింది. నల్లజాతి పేద కుటుంబం. ఇంటి దగ్గరే రైలు పట్టాలు. ఈ ఒక్క మాట చాలు కదా గుంతకల్లు పిల్లాడికి, ఆమె మా కాలనీ మనిషైపోవడానికి! అన్న పనికి పోయినప్పుడు అతని బాంజో, గిటార్ తీసి దొంగతనంగా వాయించేదట. తీగ తెగితే దాక్కునేదట. అన్నది కుడిచేతి వాద్యం, ఆమెది ఎడమచెయ్యి. అతనిది కాబట్టి తీగలు విప్పి తన వాటానికి మార్చుకోవడానికి లేదు. అందుకని వాద్యాన్నే తిరగేసింది. చిన్నప్పుడే బడి మానేసి ఇళ్లల్లో పనికి కుదిరి, నెలకు డాలరు కూడా రాని జీతంలోంచి కూడబెట్టి 3 డాలర్ల 75 సెంట్లకు సొంత గిటార్ కొనుక్కుంది. అప్పటికి అలవాటైపోయింది, అదీ తిరగేసే వాయించింది. పదకొండు పన్నెండేళ్ల వయసులో, ఇంటి ముందు పోయే రైలు మీద ఒక పాట కట్టింది. 'ఫ్రైట్ ట్రైన్'. మన భాషలో చెప్పాలంటే గూడ్స్ బండి.

ఇక్కడ కొంచెం లోపలికి పోయి చెప్పాలి, లేకపోతే ఆమె చేసింది ఏమిటో అర్థం కాదు. మామూలుగా గిటార్‌కు లావు తీగ పైన గడ్డం వైపు ఉంటుంది, సన్న తీగ నేల వైపు. బొటనవేలు లావు తీగల మీద తాళం నడుపుతుంటే మిగతా వేళ్లు సన్న తీగల మీద పాట పలికిస్తాయి. పిక్కు వాడకుండా వేళ్లతోనే ఇలా వాయించడాన్ని ఫింగర్‌స్టైల్ అంటారు. గోడ అవతల నేను వెతికిన రెండో మనిషి ఆ బొటనవేలే. ఇప్పుడు గిటార్‌ను తిరగేయండి. లావు తీగలు నేల వైపు పోయాయి, బొటనవేలి కిందికి సన్న తీగలు వచ్చాయి. అంటే తాళం చూపుడువేలు వేయాలి, పాట బొటనవేలు పాడాలి. ఇంట్లో అత్త పని కోడలు, కోడలి పని అత్త చేసినట్టు. లోకంలో వేలమంది నేర్చుకున్న పద్ధతిని ఆమె ఎవరూ చెప్పకుండా తలకిందులుగా కట్టుకుంది. ఆ పద్ధతికి ఆమె ఇంటిపేరే పెట్టి కాటెన్ పికింగ్ అంటారు. నేను చాలాకాలం అది పత్తి తీయడం అనే అనుకున్నాను. పక్కన పత్తి మార్కెట్ ఉన్న ఆదోని పెట్టుకున్నవాడికి ఇంకేం తోస్తుంది.

అంకుల్ కుడిచేతివాటం మనిషి. నాకు నేర్పడానికి ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎదురుగా కూర్చుంటాడు, నేను అద్దంలో చూసినట్టు చూడాలి. కానీ అద్దం సగమే నిజం. ఆయన బొటనవేలు లావు తీగ మీద పడితే నా బొటనవేలు సన్న తీగ మీద పడేది. నెల రోజులు ఇద్దరం తిక్క పట్టిపోయాం. చివరికి ఆయన నన్ను చూడడమే మానేసి కళ్లు మూసుకుని వినడం మొదలుపెట్టాడు. చూపుడువేలు తాళం తప్పితే "బండి ఆగింది మ్యాన్" అనేవాడు. నేను ఉత్సాహంలో పరిగెత్తిస్తే "ఇది ఎక్స్‌ప్రెస్ కాదు, గూడ్స్. లోడు ఉంది. నిదానంగా లాగు" అనేవాడు. అప్పుడు నాన్న చెప్పిన టక్కుల లెక్క పట్టుకున్నాను. మనసులో పట్టా అతుకులు లెక్కపెడుతూ చూపుడువేలు వేశాను. గిటార్ కలకత్తాలో చేసింది, ఉక్కు తీగలు, వేలికొసలు కందిపోయి అన్నం కలుపుకుంటే కారం మండేది. జేజి చూసి, "ఇదేం తద్దినం రా" అని కొబ్బరినూనె రాసింది. ఏ చేత్తో వాయిస్తున్నానో చూసింది కూడా. ఆ ఒక్కదానికి మాత్రం ఏమీ అనలేదు ఎందుకో.

ఇప్పుడు క్యాసెట్ సంగతి.

అంకుల్ క్యాసెట్ అరువు ఇవ్వడు. కాపీ చేసుకో అన్నాడు. అప్పట్లో రెండు క్యాసెట్లు పట్టే డెక్కులు మా కాలనీలో ఎవరిళ్లలోనూ లేవు. రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి, ఒకదాంట్లో ప్లే, ఇంకోదాంట్లో రికార్డ్ నొక్కి, గది తలుపులు మూసి, ఊపిరి బిగబట్టి కూర్చోవడమే కాపీ. ఖాళీ క్యాసెట్‌కు డబ్బుల్లేవు. ఇంట్లో ఒక పాత భక్తి పాటల క్యాసెట్ ఉండేది. దాని పైన మూలల్లో ప్లాస్టిక్ పలకలు విరిగి ఉంటే కాగితం ముక్కలు ఉండ చుట్టి కుక్కాను. అలా కుక్కితే మళ్లీ రికార్డ్ అవుతుంది. నిజానికి ఆ కాగితాలు అంతకుముందు ఏడాదే కుక్కాను. ఎందుకంటే అందులో అప్పటికే మా జేజి ఉంది.

1985 వేసవిలో నాన్న కొన్న కొత్త టేప్‌రికార్డర్ పల్లెకు తీసుకుపోయాం. జేజి తెల్లారుజామున రాగులు విసురుతూ పాడేది. సీతమ్మ మీద, పెన్నమ్మ మీద, పుట్టింటి మీద, కొన్ని ఎవరి మీదో తెలియనివి. విసుర్రాయి తిరిగే చప్పుడే తాళం. తన గొంతు తాను వినాలని ఆమే అడిగితే రికార్డ్ చేశాను. విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అంతే, తర్వాత ఎవరమూ ఆ క్యాసెట్ ముట్టుకోలేదు.

దాని మీదే ఎలిజబెత్ కాటెన్‌ను ఎక్కించాను. జేజి ఉంది కదా, ఇంకోసారి పాడించుకుంటే సరిపోయె అనుకున్నాను. పన్నెండేళ్ల బుర్ర. ఆ ఏడు చివర్లో జేజి పల్లె వదిలి మా క్వార్టర్స్‌కు వచ్చేసింది. విసుర్రాయి రాలేదు. కాలనీలో పిండి మిషను ఉంది. ఒకటి రెండుసార్లు పాడమని అడిగితే, నిజంగానే ప్రయత్నించింది పాపం. రెండు ముక్కలు అని ఆగిపోయింది. "రాయి లేంది పాట యాడొస్తాదిరా" అంది. చెయ్యి తిరుగుతుంటేనే ఆమెకు తర్వాతి చరణం గుర్తొచ్చేది. 1989లో పోయింది.

ఎలిజబెత్ కాటెన్ గురించి రాసే ప్రతివాళ్లూ ఒక తప్పిపోయిన పాప కథ చెబుతారు. ఆమెకు చిన్న వయసులోనే పెళ్లయింది, ఒక కూతురు. చర్చివాళ్లు ఆ లౌకిక పాటలు మానుకొమ్మన్నారు. మానుకుంది. పాతికేళ్లకు పైగా గిటార్ దాదాపుగా ముట్టలేదు. నడివయసు దాటాక వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తుంటే, అక్కడ తప్పిపోయిన ఒక పాపను వెతికి తల్లికి అప్పగించింది. ఆ పాప పెగ్గీ సీగర్. తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్ సంగీతకర్త, తండ్రి చార్లెస్ సీగర్ సంగీత పండితుడు. ఆ పరిచయంతో వాళ్లింట్లో పనికి కుదిరింది. ఆ పిల్లలే ఆమెకు లిబ్బా అని పేరు పెట్టారు.

కథ నిజమే. చెప్పే తీరే నాకు నచ్చదు. విధి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకుపోయినట్టు చెబుతారు. సంగీతం తప్ప ఇంకో మాట లేని ఇంట్లో ఆమె కొన్నేళ్లపాటు వంట చేసింది, బట్టలు ఇస్త్రీ చేసింది. ఆమెకు గిటార్ వచ్చన్న సంగతి అన్నాళ్లూ వాళ్లకు తెలియలేదు. ఒకరోజు గోడకు తగిలించిన గిటార్ తీసి తానే వాయించుకుంటుంటే పెగ్గీ విన్నది. అయినా వాళ్లను అనడానికి నాకు నోరెక్కడిది? మా ఇంట్లో జేజికి పాట వచ్చని అందరికీ తెలుసు. అదీ ఒక పాటేనా అనుకున్నాం.

పెగ్గీ అన్న మైక్ సీగర్ మాత్రం చేయాల్సిన పని చేశాడు. టేప్‌రికార్డర్ మోసుకుని ఆమె ఇంటికే పోయి, మనవలూ మనవరాళ్లూ చుట్టూ ఉండగా రికార్డ్ చేశాడట. అది 1958లో ఫోక్‌వేస్ సంస్థ రికార్డుగా వచ్చింది. ఆమె జనం ముందు మొదటి కచేరీ చేసింది 1960లో, 67వ ఏట. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఇంటిపని మానలేదు.

ఆ గూడ్స్ బండి పాట మాత్రం ఆమెకంటే ముందే లోకం తిరిగింది. పెగ్గీ ఇంగ్లండు పోయి అక్కడ పాడితే, 1957లో అక్కడి బృందం ఒకటి దాన్ని పెద్ద హిట్ చేసింది. పాట కట్టినవాళ్లుగా వేరే ఇద్దరి పేర్లు రికార్డుకెక్కాయి. చాలా పెనుగులాట తర్వాత గానీ ఆమె పేరు చేరలేదు. మా అంకుల్ కుర్రాడిగా ఉన్నప్పుడు రేడియో సిలోన్‌లో ఆ ఇంగ్లండు పాటే విన్నాడట. "ఇరవై ఏళ్లు తెల్లోళ్ల పాట అనుకునే వాయించాను మ్యాన్" అనేవాడు, సిగ్గుపడుతూ. తొంభై దాటాక, 1985లో ఆమెకు గ్రామీ వచ్చిన సంగతి మాత్రం తన ఇంట్లోనే వచ్చినట్టు చెప్పేవాడు. 1987 జూన్ 29న ఆమె సిరక్యూస్‌లో చనిపోతే, ఆ కబురు చెల్లెలి ఉత్తరంలో కొన్ని నెలలు ఆలస్యంగా గుంతకల్లు చేరింది. ఆ సాయంత్రం అంకుల్ ఆ పాట వాయించలేదు. నన్ను వాయించమన్నాడు.

నా గిటార్ జీవితం పెద్దగా చెప్పుకునేది కాదు. డిగ్రీలో ఉండగా అనంతపురంలో ఒక కాలేజీ పోటీకి పోయాను. నేను గిటార్ పట్టుకోవడం చూసి హాలంతా నవ్వింది. "ముందు సరిగా పట్టుకోవడం నేర్చుకుని రా తమ్ముడూ" అన్నాడు జడ్జి, మైకులో. వేళ్లు చల్లబడిపోయి రెండో చరణంలో బండి ఆగిపోయింది. ఇంకెవరితోనూ పోటీకి పోలేదు. ఉద్యోగం వచ్చింది, బదిలీలు, పిల్లలు, వాళ్ల ఫీజుల టెన్షన్లు. గిటార్ పాత దుప్పట్లో చుట్టుకుని బీరువా మీదికి పోయింది, ఇరవై ఏళ్లు అక్కడే ఉంది. ఆమెను చర్చి ఆపింది. నన్ను ఎవరూ ఆపలేదు, నేనే మానేశాను.

అంకుల్ 2003లో పోయాడు. ఆ పాటలో ఒక చోట, తాను చనిపోయాక రైలు వినపడే వీధి చివర పూడ్చిపెట్టమని అడుగుతుంది ఆమె. అంకుల్‌కు ఆ కోరిక కోరే అవసరం రాలేదు. గుంతకల్లులో ఎక్కడ పూడ్చినా రైలు వినపడుతుంది.

2022లో ఆమెను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారని ఫోన్‌లో చదివి, ఆ రాత్రే బీరువా మీంచి గిటార్ దించాను. తీగలు తుప్పుపట్టి ముట్టుకుంటే పొడి రాలింది. కొత్త తీగలు వేయించాను. చూపుడువేలికి ఏమీ గుర్తు లేదు. బొటనవేలికి మాత్రం ఆశ్చర్యంగా సగం పాట గుర్తుంది. ఇప్పుడు రోజూ పొద్దున అరగంట వాయిస్తాను. మా ఆవిడ పక్కగదిలో బుడ్డలు వొలుచుకుంటూ, ఆగినప్పుడల్లా "ఆగిందే" అంటుంది.

మొన్న గుంతకల్లులో అమ్మ ఉన్న ఇల్లు సర్దుతుంటే నాన్న లైన్ బాక్స్ అడుగున ఆ క్యాసెట్ దొరికింది. అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర పాత రేడియోలు బాగుచేసే ఆయన ఒకాయన ఉంటే తీసుకుపోయాను. రీలుకు బూజు పట్టింది, దూదితో తుడిచి, స్ప్రింగు మార్చి, టేప్‌రికార్డర్లో పెట్టాడు.

బొంగురుగా, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు గిటార్ వచ్చింది. ఆ ముసలావిడ గొంతు వచ్చింది. గూడ్స్ బండి పాట సగంలో ఉండగా మా యార్డులోంచి డీజిల్ ఇంజన్ హారన్ ఒకటి పొడుగ్గా మోగింది. మూసిన తలుపుల గదిలోకి దూరి క్యాసెట్‌లో పడిన అసలు బండి. మరచేపోయాను దాన్ని. తర్వాత చప్పట్లు, ఇంకో రెండు పాటలు, తర్వాత 'టక్'మని ఆగింది. అంకుల్ క్యాసెట్ అక్కడికి అయిపోయింది.

మెకానిక్ బటన్ మీద వేలు పెట్టాడు. "ఒక్క నిమిషం ఉండన్నా" అన్నాను, ఎందుకన్నానో తెలియదు. రీలు తిరుగుతూనే ఉంది. బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ బుస్సులోంచి నెమ్మదిగా రాయి తిరిగే చప్పుడు తేలింది. గర్రు, గర్రు. నా కాపీ చేరని ఆఖరి ముక్క మిగిలిపోయినట్టుంది. పాట లేదు, అప్పటికే అయిపోయిందేమో. నాలుగు చుట్లు తిరిగి రాయి ఆగింది. గాజుల చప్పుడు. పిండి ఎత్తుతోంది కాబోలు.

"చాలు లేరా, ఆపు ఇంక. ఆ చేత్తో ఒత్తొద్దంటి కదా. కుడిచేత్తో ఒత్తు."

అంతే. క్లిక్.

మెకానిక్ రెండు ముక్కలనూ వేర్వేరు ఫైళ్లు చేసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. మొదటిదానికి ఇంగ్లీషు పాటలు అని తనే పేరు కొట్టుకున్నాడు. "రెండోదానికి ఏం పెట్టమంటారు సార్, పాటేం లేదు కదా అందులో" అన్నాడు.

జేజి అని పెట్టమన్నాను.